మూత మీది పేరు, అడుగున చీటీ

కలకత్తా మెట్రోలో చాందినీ చౌకు స్టేషనున దిగి పైకి వచ్చి, సెంట్రల్ ఎవెన్యూ విడిచి ప్రక్కసందులలోనికి నాలుగడుగులు వేసినచో, ఫ్యానుల దుకాణములకును తీగచుట్టల దుకాణములకును నడుమ, ఒక్క మనిషి నిలిచిన నిండిపోవునంతటి కొట్లలో పాత ల్యాప్‌టాపులు ఇటుకలవలె పేర్చియుండుట కానవచ్చును. పెద్ద కార్యాలయములలో మూడు నాలుగేండ్లు ఊడిగము చేసి, గడువు తీరినంతనే గుంపులుగా అమ్ముడుపోయి, తుడుపులు తోముళ్లు ముగించుకొని రెండవ జన్మ మెత్తిన యంత్రములివి. ఖరగ్‌పూరులో చదువుకొనుచున్న మా మేనల్లుడు కడచిన వర్షాకాలమున అట్టిదాని నొకదానిని కొని మా యింటికి తెచ్చి, "మామయ్యా, చూడు, బిజినెస్ ల్యాప్‌టాప్! కొత్తదైతే మనవల్ల అయ్యేదా?" అని మురిసిపోయెను. వారము తిరుగక మునుపే అది నడుచుట మాని ప్రాకుట మొదలిడెను. ఎంతసేపు ఛార్జరు తగిలించి యుంచినను బ్యాటరీ నిండదయ్యెను.

కార్యాలయములకై చేయు ల్యాప్‌టాపులలో రెండు తెగలు కలవు. మెగ్నీషియము మిశ్రలోహపు ఒడలితో, తేలికగ, పై యధికారుల హోదాకు తగినట్లు చేయునవి కొన్ని. గుమాస్తాలకును బడులకును చిన్న వ్యాపారులకును వందలకొలది కొని పంచుటకై చౌకగ చేయునవి కొన్ని. డెల్ వారి లాటిట్యూడ్ 3000 వరుసయు, హెచ్‌పీ వారి ప్రోబుక్కులును, లెనోవో వారి థింక్‌ప్యాడ్‌లలో ఎల్, ఈ వరుసలును ఈ రెండవ తెగలోనివి. వీని ఒడలు చాలవరకు ప్లాస్టిక్కు. పాతవానిలో పెక్కింటి తెర 1366×768 చుక్కలది, ప్రక్కనుండి చూచిన వెలవెలబోవునది. అయినను పేదింటి పిల్లకు పెద్దింటి పెంపక మబ్బినట్లు, వీని అడుగు మరలు విప్పిన తెరచుకొనును. జ్ఞాపకశక్తి పలకలు, డిస్కు, ఫ్యాను చాలవరకు మార్చుకొన వీలగును. ఏ మర ఎచ్చట నున్నదో బొమ్మలతో చూపు మరమ్మతు గ్రంథమును తయారుచేసిన సంస్థయే ఉచితముగ లోకమునకు విడిచిపెట్టును. నా మట్టుకు నాకు, తళతళలాడుచు జిగురుతో మూయబడిన నేటి సన్నని యంత్రములకంటె ఈ గుణమే మిన్న.

అయితే ఆ గ్రంథమును వెదకవలెనన్న ముందు యంత్రము పేరు తెలియవలెను. మూత మీద మెరయునది ఇంటిపేరు మాత్రమే. అసలు పేరు అడుగున అతికించిన చీటీపై నుండును. డెల్ యంత్రమైన ఏడక్షరముల సర్వీస్ ట్యాగు, థింక్‌ప్యాడ్ అయిన నాలుగక్షరముల మెషిన్ టైపు, హెచ్‌పీ అయిన ప్రొడక్ట్ నంబరు చూడవలెను. చీటీ అరిగిపోయినచో, యంత్రమును వెలిగించు క్షణమున తగిన మీట నొక్కి బయాసు అను అమరికల తెర తెరచిన, అచ్చట అదే సంఖ్య చెక్కుచెదరక యుండును.

ఆ పిమ్మట ప్రాసెసరు. మేనల్లుని యంత్రములోనిది ఐ5-4210యూ. కొట్టువారు "ఐ5, ఐ5" అని కేకవేయుదురు గాని, ఐ5 అనునది తరగతియే. వయస్సు తెలుపునది తరువాతి అంకె. 4210లోని నాలుగు నాల్గవ తరమును, 8250లోని ఎనిమిది ఎనిమిదవ తరమును సూచించును. చివరి యూ అక్షరము విద్యుత్తును పొదుపుగ వాడు జాతి యని చెప్పును. మొదటిదానికి కోర్లు రెండు, రెండవదానికి నాలుగు. విండోస్ 10కు మైక్రోసాఫ్టు మామూలు పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 నియమము ప్రకారము ఇంటెల్‌లో ఇంచుమించు ఎనిమిదవ తరము మొదలుకొనియే అర్హములు. అందుచేత ఆ యొక్క అంకె కొనుగోలుదారునకు జాతకచక్రము వంటిది. అంతకు పూర్వపువానికి లినక్సు శరణ్యము. అది లోపముగ నేను తలపను.

యంత్రమును విప్పి చూచు అలవాటు ఈ నగరమునకు క్రొత్తది కాదు. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావుగారు పనిచేయుచుండిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు 1950ల నడుమ ఇంగ్లండు నుండి హెచ్.ఇ.సి.-2ఎం అను కంప్యూటరు వచ్చినది. అటుపై జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయముతో కూడి ఆ సంస్థయే 1966లో ఐ.ఎస్.ఐ.జె.యూ.-1 అను దానిని స్వయముగ నిర్మించినది.

బాగుచేయించుటకై మేము మరల ఆ సందులకే పోగా, మొదటి కొట్టువాడు మా యంత్రమును తెరువకయే "మదర్‌బోర్డు పోయింది" అని తీర్పు చెప్పెను. మెట్ల క్రింద కూర్చున్న నడివయస్సు మెకానిక్కు మాత్రము దానిని ముట్టక, ముందు ఛార్జరును అడిగెను. గుండ్రని ముక్కు కొనను ఫోను దీపమునకు ఎత్తి చూపగా, దాని నట్టనడుమ సూదివంటి సన్నని ములుకు ఒకటి ప్రక్కకు వంగియుండుట నా కంటబడినది. కొన్ని సంస్థల ఛార్జరులలో విద్యుత్తు చుట్టునున్న గొట్టముగుండా పోవును. ఈ ములుకు పని వేరు. "నేను ఇన్ని వాట్ల దానను" అని ఛార్జరు యంత్రమునకు చెప్పుకొనునది దీని ద్వారముననే. ఆ మాట వినబడనిచో యంత్రము అనుమానించి, బ్యాటరీని నింపుట మాని, ప్రాసెసరు వేగమును సైతము తగ్గించివేయును. రెండు రోగములనుకొన్నవానికి మూల మొక్కటియే. ఆయన తన పెట్టెలోని అరువది అయిదు వాట్ల ఛార్జరు తగిలించెను. నిమిషములో బ్యాటరీ దీపము వెలిగెను. "మదర్‌బోర్డు ఠిక్ ఆఛే, దాదా," అని మాత్రము పలికెను.

ఆయన పద్ధతి అంతయు ఇట్లే, చౌకదానినుండి ఖరీదుదానికి, వెలుపలినుండి లోపలికి. అసలే వెలుగనిచో బ్యాటరీని ఛార్జరును తీసి, పవరు మీటను అర నిమిషము నొక్కి పట్టి, నిలిచిపోయిన విద్యుత్తును ఖాళీచేసి మరల ప్రయత్నించును. దీపములు వెలిగి తెర నల్లగ నున్నచో బయటి మానిటరు తగిలించి, దోషము తెరదో లోపలిదో తేల్చును. పిదప జ్ఞాపకశక్తి పలకలను ఊడదీసి వాని బంగరు పండ్లను రబ్బరుతో మెల్లగ రుద్ది మరల కూర్చును. చెమ్మ ఆరని యీ యూరి వానకాలమున ఈ యొక్క పనితో లేచి కూర్చున్న యంత్రములు ఎన్నియో యని నవ్వును. తేదీ మాటిమాటికి వెనుకకు పోవుచున్నచో నాణెమంత మూడు వోల్టుల ఘటము ముగిసినదన్నమాట. నిదానమే రోగమైనచో తిరుగు డిస్కును తీసి ఎస్ఎస్‌డీ వేయవలెను; పాత యంత్రమునకు ఇంతటి కాయకల్పచికిత్స వేరొకటి లేదు. ఒక్కదానికి మాత్రము ఆయన చేతులెత్తెను: పాత కార్యాలయమువారు బయాసుకు పెట్టిన రహస్యపదము. కొనకముందే మీట నొక్కి ఆ తెర తెరచుకొనునో లేదో చూచుకొనుడని హెచ్చరించెను.

మా చీటీ మీది అక్షరములు అరచేతి చెమటకు సగము చెరిగియుండుటచే, ఆయన బయాసు తెర చూచి, తెల్లని పట్టీపై మోడలును ప్రాసెసరు సంఖ్యను బెంగాలీ అంకెలలో వ్రాసి బ్యాటరీ యరలో అతికించెను. బెంగాలీ నాలుగు మన కంటికి అచ్చముగ ఇంగ్లీషు ఎనిమిదివలె నుండును. "మామయ్యా, ఎనిమిదో జనరేషన్ అంట!" అని మేనల్లుడు ఎగిరి గంతువేసెను. ఆయన నవ్వి, కలము వాని చేతి కిచ్చెను. వాడు దాని క్రింద మన నాలుగు వేసెను.