పుట్టి బరువు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల కృష్ణాతీరంలో మత్స్యకారులకు పుట్టి జీవనాధారం. వెదురుబద్దలతో గుండ్రంగా అల్లిన ఈ బుట్టపడవకు పూర్వం పశుచర్మం కప్పేవారు. తడిసిన తోలు బరువెక్కేది, ఎండబెట్టకుంటే కుళ్లిపోయేది. కాలక్రమంలో తోలుకు బదులు తారు పూసిన ప్లాస్టిక్ పట్టా వచ్చింది. పుట్టి తేలికైంది. మనిషి ఒక్కడే దానిని మోసుకొని గట్టెక్కగలడు.

తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుంది. కావున పుట్టి సొంత బరువు ఎంత తగ్గితే, అదే మునకతో అంత అదనపు భారాన్ని, అనగా వలలను, చేపలను మోయగలదు.

అయితే తేలికదనం కోసం బద్దలను మరీ పలుచన చేస్తే అల్లిక సడలుతుంది. నదిలోని రాయి తగిలితే పట్టా చిరుగుతుంది. తగ్గించవలసినది అనవసరపు భారమే గాని, ప్రాణాన్ని కాపాడే బలం కాదు.