కంప్యూటరు వెనక్కి నడవగలదా?

2024 జూలై 19, శుక్రవారం. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసి ఇచ్చారు. కంప్యూటర్లు ఉండగా చేతిరాత ఎందుకు వచ్చింది?

క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సంస్థ కంప్యూటర్లకు కాపలా కాసే ప్రోగ్రామును తయారుచేస్తుంది. ఆ ఉదయం మన కాలమానం ప్రకారం 9 గంటల 39 నిమిషాలకు అది తన సర్వర్ల నుండి ఒక చిన్న ఫైలు పంపింది. అందులో తప్పు ఉంది. దాన్ని అందుకున్న విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి ఆగిపోయాయి. సంస్థ 78 నిమిషాలలో ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. మరి సమస్య తీరాలి కదా? తీరలేదు. అప్పటికే సుమారు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. పూర్తిగా లేవకముందే మళ్ళీ పడిపోయే కంప్యూటరు సర్వరులోని మంచి ఫైలును అందుకొనేదెలా? చాలాచోట్ల మనిషే వెళ్ళి, ఒక్కొక్క కంప్యూటరునూ ‘సేఫ్ మోడ్’లో తెరిచి, ఆ ఫైలును తుడిచివేయవలసి వచ్చింది.

కొత్త ప్రోగ్రామును తీసి పాతదాన్ని తిరిగి పెట్టడాన్ని రోల్‌బ్యాక్ అంటారు. పాత ప్రోగ్రామును భద్రంగా దాచి ఉంచితే అది పెద్ద పని కాదు. చిక్కంతా దత్తాంశంతో వస్తుంది.

మన తుని స్టేషనులో రిజర్వేషను కౌంటరును ఊహించుకోండి. టికెట్ల లెక్క ఉండేది ఆ గదిలో కాదు, దూరాన ఉన్న సర్వరులో. ఒక రాత్రి అక్కడి ప్రోగ్రామును మార్చారనుకుందాం. పాతది ప్రయాణికుని వయసు రాసుకొనేది. కొత్తది ‘వయసు’ గడిని తీసివేసి పుట్టిన సంవత్సరం రాస్తోంది. మధ్యాహ్నానికి ఏదో లోపం బయటపడి పాత ప్రోగ్రామును తెచ్చారు. అది వయసు గడి కోసం వెతుకుతుంది. గడి లేదు! పోనీ, నిన్న రాత్రి తీసిన నకలును, అంటే బ్యాకప్‌ను, తిరిగి పెడదామా? వయసు గడి వస్తుంది గాని, ఉదయం నుండి అమ్మిన టికెట్లన్నీ మాయమవుతాయి. పొద్దున మీ తాతగారు కొన్న బెర్తును సాయంత్రం సర్వరు మరొకరికి అమ్మేస్తుంది.

మీ రసాయనశాస్త్రం భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాము మార్పు ద్విగత చర్య. దత్తాంశం మార్పు చాలాసార్లు అద్విగత చర్య.

అందుచేత తెలిసినవారు పాత గడిని వెంటనే తీసివేయరు. దాని పక్కనే కొత్త గడి చేరుస్తారు. కొత్త ప్రోగ్రాము కొంతకాలం రెండింటిలోనూ రాస్తుంది. ఇప్పుడు పాత ప్రోగ్రాము తిరిగి వచ్చినా దానికి కావలసినది ఉన్నచోటనే ఉంటుంది. కొన్ని వారాలు సజావుగా గడిచాకే పాత గడిని తీసివేస్తారు. బ్యాకప్ కూడా తీస్తారనుకోండి. అయితే దాన్ని వేరే కంప్యూటరులో తెరిచి చూసినప్పుడే అది పనికివస్తుందని తెలిసేది.

వెనక్కి వెళ్ళేముందు తప్పు ఎక్కడుందో కూడా చూడాలి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థకు 8 సర్వర్లు ఉండేవి. కొత్త ప్రోగ్రామును ఏడింటిలోనే పెట్టి ఎనిమిదోదాన్ని మరిచారు. అందులో ఏళ్ళ తరబడి వాడకుండా వదిలేసిన పాత భాగం ఒకటి మేలుకొని, ఆపకుండా షేర్లు కొనసాగింది. కంగారులో సిబ్బంది సరిగ్గా ఉన్న ఏడింటి నుండి కొత్త ప్రోగ్రామును తీసివేశారు. దానితో ఎనిమిదీ తప్పుదారి పట్టాయి! సుమారు 45 నిమిషాలలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం.

అసలు అన్ని సర్వర్లనూ ఒకేసారి మార్చడమెందుకు? మొదట కొద్దిటిలోనే మార్చి, కాసేపు గమనించి, తరువాత మిగిలినవాటికి పోవచ్చు. అప్పుడు వెనక్కి మళ్ళవలసినవీ కొద్దివే. 2024 దెబ్బ తరువాత క్రౌడ్‌స్ట్రైక్ కూడా అటువంటి ఫైళ్ళను దశలవారీగా పంపే పద్ధతికి మారింది.