బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉండాలి

భార్యాభర్తలు కలిసి కష్టపడి సంపాదించుకోవడం మన ఇళ్ళలో కొత్త సంగతేమీ కాదు. భర్త గుడ్డ కత్తిరిస్తే భార్య కాజాలు కుట్టి గుండీలు వేసిన ఇళ్ళు, భర్త బండి మీద అమ్మే సమోసాలకు భార్య తెల్లవారుజామునే పిండి కలిపిన ఇళ్ళు మనందరికీ తెలుసు. కొత్త సంగతి ఏమిటంటే, ఇప్పుడు మన పిల్లలు చదువుకుని, ఆ చదువు మీదే ఆధారపడి జంటగా ఆఫీసులు తెరుస్తున్నారు. ఇద్దరూ బి.కాం. చదివి జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేసేవారున్నారు. ఇద్దరూ దంతవైద్యులై ఒకే క్లినిక్ నడిపేవారున్నారు. భర్త ఇంటి ప్లాన్లు గీస్తే భార్య అంచనాలు వేసే సివిల్ ఇంజనీర్లున్నారు.

నేను ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నాను, వ్యాపారం చేయలేదు. అయితే నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఇలాంటి జంటలు కొన్ని ఉన్నాయి. వారి మంచిచెడ్డలు దగ్గరగా చూస్తూ వస్తున్నాను. వారి అనుభవంలో తేలిన పాఠాలను, వాటికి సంబంధించిన చట్టం సంగతులను ఇక్కడ వివరిస్తాను. ఈ సంచిక చదివే దాతల్లో చాలామంది ఇలాంటి యువ దంపతులకు అద్దె అడ్వాన్సుకో కంప్యూటర్‌కో చేయూతనిచ్చేవారే. డబ్బుతో పాటు నాలుగు మంచి ప్రశ్నలు కూడా అడగగలిగితే ఆ సాయం నిలబడుతుందని నా నమ్మకం.

సరుకు లేని వ్యాపారం

కిరాణా కొట్టులో అమ్మేది కళ్ళకు కనిపిస్తుంది. సాయంత్రం లెక్క చూస్తే బియ్యం బస్తాలెన్ని, గల్లాలో డబ్బెంత అని తేలిపోతుంది. సేవ అమ్మే ఆఫీసులో అమ్ముడుపోయేది ఇద్దరి సమయం, ఇద్దరి మీద నమ్మకం. ఈ రెంటికీ స్టాకు రిజిస్టరు ఉండదు. అందువల్ల ఎవరు ఎంత పనిచేశారో బయటికి కనిపించదు. కనిపించని పనిని మొదట పక్కవారు మరచిపోతారు, తరువాత ఇంట్లోవారు కూడా మరచిపోతారు. ఆలుమగల ఆఫీసుల్లో వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే.

రిటర్నులు వేసే ఆఫీసునే ఉదాహరణగా తీసుకుందాం. నెలనెలా దాఖలు చేసే వ్యాపారికి అమ్మకాల వివరాల రిటర్ను 11వ తేదీకి, పన్ను కట్టే రిటర్ను 20వ తేదీకి వెళ్ళాలి. జూలై వస్తే ఆదాయపు పన్ను రిటర్నుల హడావుడి మొదలవుతుంది. ఈ తేదీల ముందు ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఇంకొకరు ఖాతాదారులకు ఫోన్లు చేసి బిల్లులు తెప్పించాలి, రాని ఫీజులు అడగాలి, వచ్చినవారికి సమాధానం చెప్పాలి. రిటర్ను వేసినవారి పని కాగితం మీద కనబడుతుంది. బిల్లులు తెప్పించినవారి పని ఎక్కడా కనబడదు. కాని ఆ బిల్లులే రాకపోతే రిటర్ను లేదు, ఫీజూ లేదు.

కాబట్టి మొదటి పాఠం: పనులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి పనికీ ఎదురుగా ఒకరి పేరు రాయాలి. "ఇద్దరం చూసుకుంటాం" అనుకున్న పని ఎవరూ చూడని పని అవుతుంది. ఫలానా విషయంలో చివరి మాట ఎవరిది అన్నది కూడా అందులోనే ఉండాలి. ఫీజు తగ్గించే అధికారం ఒకరిదైతే, రెండోవారు ఖాతాదారు ముందు దాన్ని మార్చకూడదు. అభిప్రాయభేదం ఉంటే తలుపు మూశాక మాట్లాడుకోవాలి. వారానికి ఒక రోజు అరగంట దీనికోసమే కేటాయించుకున్న జంటలు నాకు తెలుసు. ఆ అరగంట ఉన్నచోట అన్నం దగ్గర ఆఫీసు గొడవలు తగ్గాయి.

"సార్ లేరా అమ్మా?"

భార్యకు భర్తతో సమానంగా చదువున్నా, వచ్చినవాడు మొదట అడిగేది ఈ మాటే. సార్ వచ్చేదాకా బల్ల మీద కూర్చుంటాడు. ఆమె చెప్పిన సమాధానమే సార్ నోటి నుంచి విని తృప్తిగా వెళతాడు. దీని వల్ల ఆమె మనసు నొచ్చుకోవడం ఒక్కటే కాదు, ఆఫీసుకు కూడా నష్టమే. ఒకే ప్రశ్నకు ఇద్దరి సమయం ఖర్చవుతోంది.

దీనికి మందు భర్త చేతిలో ఉంది. బోర్డు మీద ఇద్దరి పేర్లు, ఇద్దరి చదువులు ఒకే సైజు అక్షరాల్లో రాయించాలి. ఆమె చూసే ఖాతాదారు వచ్చి తనను అడిగితే, "ఆ ఫైలు మేడమ్ చూస్తారు, ఆమెనే అడగండి" అని లోపలికి వెళ్ళిపోవాలి. నాలుగుసార్లు అలా చేస్తే ఐదోసారి ఆ ఖాతాదారు నేరుగా ఆమె బల్ల దగ్గరికే వెళతాడు.

ఇంటి డబ్బు, ఆఫీసు డబ్బు

రెండో పాఠం డబ్బు గురించి. ఒకే జేబులోంచి కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, ఆఫీసు అద్దె వెళుతున్నంతకాలం ఆఫీసు లాభంలో ఉందో నష్టంలో ఉందో ఎవరికీ తెలియదు. ఆఫీసుకు వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. వచ్చిన ప్రతి ఫీజూ అందులోనే పడాలి. అందులోంచి నెలకు ఇంతని ఇద్దరికీ విడివిడిగా, ఎవరి ఖాతాలోకి వారికి వెళ్ళాలి. ఇల్లు ఆ డబ్బుతోనే నడవాలి.

బంధువుల పని మరో సమస్య. "మనవాళ్ళే కదా" అని అత్తవైపు వారి రిటర్ను ఉచితంగా వేసి, పుట్టింటివారి దగ్గర ఫీజు తీసుకుంటే అది ఆఫీసు గొడవగా ఆగదు. ఇరువైపుల బంధువులకూ ఒకే నియమం ఉండాలి: తగ్గింపు ఇస్తే ఇద్దరికీ అంతే.

ఇంకో సంగతి. భర్తకు ఉద్యోగం, భార్యకు వేరే ఉద్యోగం ఉన్న ఇంట్లో ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుంది. ఒకే ఆఫీసు మీద ఆధారపడిన ఇంట్లో రెండు ఆదాయాలూ ఒకేసారి పడిపోతాయి. అందువల్ల కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచుకోవడం, వీలైతే మొదటి ఒకటి రెండేళ్ళు ఒకరు ఉద్యోగం వదలకుండా ఉండడం మంచిది.

కాగితం మీద ఎవరున్నారు?

అన్నింటికంటే ముఖ్యమైన పాఠం ఇది. భార్యాభర్తలు కలిసి పనిచేసినంత మాత్రాన చట్టం దృష్టిలో భాగస్వాములు కారు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్వామ్యం ఒప్పందం వల్ల పుడుతుంది, బంధుత్వం వల్ల పుట్టదు. భార్య పదేళ్ళు ఆఫీసులో కూర్చున్నా, ఒప్పందం లేదని తేలితే ఆ ఆఫీసు భర్త ఒక్కడిదే.

నోటిమాటగా భాగస్వాములమని అనుకుంటే సరిపోతుందా? చట్టం దాన్ని కాదనదు. కాని నిరూపించడం కష్టం. పైగా ఒప్పందంలో వేరే మాట లేకపోతే లాభనష్టాలు ఇద్దరికీ సమానం, పనికి జీతం అడిగే హక్కు ఎవరికీ లేదు. సంస్థను రిజిస్టరు చేయించకపోతే, ఫీజు ఎగ్గొట్టిన ఖాతాదారు మీద సంస్థ తరఫున దావా వేయడానికి వీలుండదు. కాబట్టి భాగస్వామ్య పత్రం రాయించి, రిజిస్టరు చేయించాలి. ఎవరి పెట్టుబడి ఎంత, ఎవరికి జీతమెంత, లాభంలో వాటా ఎంత, ఒకరు తప్పుకుంటే ఏమిటి అన్నవి అందులో ఉండాలి. సొంత భార్యతో, సొంత భర్తతో కాగితమా అని నామోషీ పడేవారుంటారు. ఇచ్చిపుచ్చుకునే అప్పును రాసుకోమని మన ధర్మం చెప్పింది. అది అనుమానంతో చెప్పింది కాదు, మరపు మనిషి సహజం కనుక చెప్పింది.

భాగస్వామ్యానికి ఒక బరువు కూడా ఉంది. సంస్థ అప్పులకు ఇద్దరి సొంత ఆస్తులూ పూచీ. ఆ భయం ఉన్నవారికి 2008 నాటి చట్టం కింద పరిమిత బాధ్యత భాగస్వామ్యం, అంటే ఎల్‌ఎల్‌పీ, అనే దారి ఉంది. దానికి ఇద్దరు భాగస్వాములు చాలు. అలాగే భర్త తన జీవిత బీమా పాలసీని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేర తీసుకుంటే, ఆ సొమ్ము సాధారణంగా అప్పులవాళ్ళ చేతికి వెళ్ళదు. ఈ సదుపాయం ముస్లింలకూ వర్తిస్తుంది. అయితే పాలసీ తీసుకునేటప్పుడే ఆ మాట రాయించాలి.

భాగస్వామ్యం వద్దు, ఆఫీసు భర్త పేరనే ఉండి భార్యకు జీతమిస్తే చాలదా అని కొందరు అడుగుతారు. ఇక్కడ ఆదాయపు పన్ను నియమం ఒకటి గుర్తుంచుకోవాలి. అలా ఇచ్చిన జీతాన్ని మామూలుగా భర్త ఆదాయంలోనే కలిపి పన్ను లెక్కిస్తారు. భార్యకు ఆ పనికి తగిన సాంకేతిక లేదా వృత్తి అర్హత ఉండి, ఆ జీతం ఆ జ్ఞానానికి, అనుభవానికే వచ్చినదైతే కలపరు. భర్త భార్య ఆఫీసులో పనిచేసినా ఇదే నియమం. అంటే ఆమె చదువుకు సంబంధించిన సర్టిఫికెట్లు, చేసిన పని వివరాలు ఫైలులో ఉండడం అవసరం. ఏ దారి మేలో ఆడిటరుతో లెక్క వేయించుకుని నిర్ణయించుకోవాలి.

చిన్న లెక్క

ఇప్పుడు ఎవరూ మాట్లాడడానికి ఇష్టపడని విషయం. మనకు వారసత్వం 1937 నాటి షరియత్ అనువర్తన చట్టం ప్రకారం మన ధర్మశాస్త్రాన్ని అనుసరించి నడుస్తుంది. భర్త చనిపోతే, సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, సంతానం లేనప్పుడు నాలుగో వంతు. భార్య చనిపోతే, సంతానం ఉన్నప్పుడు భర్తకు నాలుగో వంతు, లేనప్పుడు సగం. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వీలునామా తీరాక మిగిలినదాన్ని పంచుతారు. చెల్లించని మహర్ కూడా అప్పే. దాన్ని ముందే తీర్చాలి.

ఈ వాటాలు వారసత్వానివి, సంపాదనవి కావు. భార్య సంపాదన భార్యదే, అందులో భర్తకు హక్కు లేదు. ఈ తేడా చాలామందికి పట్టదు. ఉదాహరణకు, ఒక జంట పదేళ్ళు కష్టపడి నిలబెట్టిన ఆఫీసు ఆస్తి 16 లక్షలు అనుకుందాం. పిల్లలున్నారు. అప్పులు, మహర్, వీలునామా తీరిపోయాయి.

ఆఫీసంతా భర్త పేరనే ఉంటే ఆమెకు వచ్చేది 16 లక్షల్లో ఎనిమిదో వంతు, అంటే 2 లక్షలు. అదే ఆఫీసులో సగం మొదటినుంచీ ఆమెదని పత్రంలో ఉంటే, 8 లక్షలు ఆమె సొంతం. వాటిని పంపకంలోకి తేకూడదు. భర్త వాటా 8 లక్షల్లో ఎనిమిదో వంతు, అంటే 1 లక్ష కూడా వస్తుంది. మొత్తం 9 లక్షలు. కష్టం అదే, భార్య అదే, ధర్మశాస్త్రం అదే. ఆమె కష్టం కాగితం మీద ఉందా లేదా అన్నదే 7 లక్షల తేడా. ఇది ఎవరి వాటానూ తగ్గించే ఉపాయం కాదు. ఆమెది కానిది ఆమె పేర రాయమని చెప్పడం లేదు. ఆమెదైన దాన్ని ఇతరులకు పంచిపెట్టకుండా కాపాడమని చెబుతున్నాను.

ఓటీపీ ఎవరి ఫోనుకు?

నాకు తెలిసిన ఒక ఆఫీసులో భర్త మెదడులో రక్తస్రావమై నెలన్నర ఆసుపత్రిలో ఉన్నారు. భార్యకు పని మొత్తం వచ్చు. కాని బ్యాంకు ఖాతా ఆయన ఒక్కరి పేర, పోర్టల్ పాస్‌వర్డులు ఆయన తలలో, ఓటీపీలు ఆయన ఫోనుకు. ఆ ఫోను తాళం ఆమెకు తెలియదు. 20వ తేదీ దాటింది. రిటర్నులు ఆగి, ఖాతాదారులకు ఆలస్య రుసుములు పడ్డాయి. ఆసుపత్రి ఖర్చుకు ఆఫీసు డబ్బు తీయడానికి లేక ఆమె నగలు తాకట్టు పెట్టింది. ఆఫీసు ఖాతాలో డబ్బు అలాగే ఉంది.

ఆ పరిస్థితి రాకుండా చేయడానికి ఒక పూట చాలు. సంస్థ ఖాతాలో ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా చెల్లేలా బ్యాంకుకు రాసివ్వాలి. సంస్థ జీఎస్టీ నమోదులో ఇద్దరినీ అధీకృత సంతకందారులుగా చేర్చవచ్చు. పాస్‌వర్డులు రాసిన పుస్తకం ఇద్దరికీ తెలిసిన బీరువాలో పెట్టాలి. ఇద్దరే ఉన్న భాగస్వామ్యంలో ఒకరు మరణిస్తే సంస్థ ముగిసిపోతుంది కనుక, తరువాత ఆఫీసును ఎవరు, ఎలా కొనసాగిస్తారో, మరణించినవారి వాటాను వారసులకు ఎలా చెల్లిస్తారో పత్రంలో ముందే రాసుకోవాలి.

దాతలు అడగవలసిన ప్రశ్నలు

ఒక యువ జంట సాయం కోసం వచ్చినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. బోర్డు మీద ఎవరి పేర్లున్నాయి? పత్రంలో ఎవరి వాటా ఎంత? ఆఫీసు ఖాతాలో ఎవరి సంతకం చెల్లుతుంది? రేపు ఒకరు మంచం పడితే రెండోవారు ఎల్లుండి ఆఫీసు తెరవగలరా?

సమాధానం లేకపోతే సాయం ఆపవద్దు. ఆ సాయంలోనే పత్రం రాయించే ఖర్చు కూడా కలపండి. మీలో ఆడిటర్లు, న్యాయవాదులు ఉంటే వారి కోసం ఒక గంట కూర్చోండి. భర్త పోయాక ఒక స్త్రీకి నెలనెలా పింఛను ఇవ్వడం పుణ్యకార్యమే. ఆమె కష్టార్జితం ఆమె చేతిలోనే ఉండి, ఆ పింఛను అవసరమే రాకుండా చూడడం ఇంకా మంచిది. ఈ ఏడాది మీరు ఒక్క జంట చేత అయినా ఆ పత్రం మీద ఇద్దరి సంతకాలూ పెట్టించండి.