పాత స్పోర్ట్స్ కారుకు కొత్త షాక్ అబ్జార్బర్ల ఎంపిక

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు షాక్ అబ్జార్బర్ అసలు చేసే పనిని వివరించగలుగుతారు. పాత కారుకు కొత్తవి ఎంచుకునేటప్పుడు ఏది ముందు, ఏది తరువాత నిర్ణయించాలో కారణంతో సహా చెప్పగలుగుతారు.

కారు బరువును షాక్ అబ్జార్బర్ మోస్తుందని చాలామంది అనుకుంటారు. మోసేది స్ప్రింగ్. గతుకు తగిలినప్పుడు స్ప్రింగ్ నొక్కుకుపోయి శక్తిని దాచుకుంటుంది, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే కారు ఊగుతూనే ఉంటుంది. షాక్ అబ్జార్బర్‌లోని పిస్టన్ సన్నని రంధ్రాల గుండా నూనెను నెట్టి, ఆ శక్తిని ఉష్ణంగా మారుస్తుంది. భౌతికశాస్త్రంలో మీరు చదివిన అవరుద్ధ డోలనాలు ఇవే. షాక్ పాడైతే పోయేది సుఖం ఒక్కటే కాదు. టైరు రోడ్డును విడిచి ఎగిరిన ప్రతి క్షణమూ అది బ్రేకు వేయలేదు, మలుపు తిప్పలేదు.

మనం తీసుకునే ఉదాహరణ మాజ్దా ఎంఎక్స్-5. అమెరికాలో దీన్ని మియాటా అంటారు. 1989లో చికాగో మోటారు ప్రదర్శనలో తొలిసారి కనిపించింది. మొదటి తరం కార్లు 1997 వరకు తయారయ్యాయి. ఇద్దరు కూర్చునే తేలికపాటి కారు, బరువు టన్నుకు అటూ ఇటూ. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉంది. ప్రతి చక్రం దగ్గరా షాక్ చుట్టూ స్ప్రింగ్ ఉంటుంది కాబట్టి షాక్ మార్చాలంటే స్ప్రింగ్‌ను కూడా విప్పక తప్పదు. ‘ఎలాగూ విప్పుతున్నాం కదా, గట్టి స్ప్రింగ్‌లు వేసేద్దాం’ అనే ఆలోచన పుట్టేది ఇక్కడే. ఒక చిన్న లెక్క చేసి చూడండి.

ఒక చక్రం మోస్తున్న ద్రవ్యరాశి 225 కిలోగ్రాములు, చక్రం దగ్గర స్ప్రింగ్ గట్టిదనం మీటరుకు 20,000 న్యూటన్లు అనుకుందాం. ఇవి లెక్క సులువుగా ఉండటానికి తీసుకున్న అంకెలు. సహజ పౌనఃపున్యం సుమారు 1.5 హెర్ట్జ్. ద్రవ్యరాశిని, గట్టిదనాన్ని గుణించి, వర్గమూలం తీసి రెట్టింపు చేస్తే ఊగిసలాటను పూర్తిగా ఆపే సందిగ్ధ అవరుద్ధ విలువ వస్తుంది. ఇక్కడ అది సుమారు 4,240. మన షాక్ విలువ అందులో 0.3 వంతు, అంటే 1,270 అనుకోండి. అప్పుడు ఒక్క డోలనం పూర్తయ్యేసరికి ఊపు ఏడో వంతుకు తగ్గుతుంది.

ఇప్పుడు స్ప్రింగ్ గట్టిదనాన్ని రెట్టింపు చేసి, షాక్‌ను అలాగే ఉంచండి. సందిగ్ధ విలువ 6,000కు పెరుగుతుంది. అదే షాక్ ఇప్పుడు 0.21 వంతే. ఒక డోలనం తరువాత కూడా నాలుగో వంతు ఊపు మిగిలే ఉంటుంది. షాక్ చెడిపోలేదు, అరగలేదు. దాని మీద పడిన పని పెరిగింది. కాబట్టి ముందు స్ప్రింగ్, కారు ఎత్తు తేల్చుకోండి. షాక్ ఆ తరువాతి మాట.

ఎత్తు విషయం మరీ ముఖ్యం. ఈ కారులో సస్పెన్షన్ పైకి కదలగల దూరం మొదటి నుంచే తక్కువ. ఆ దూరం చివరలో బంప్ స్టాప్ అనే మెత్తటి నురుగు దిమ్మ ఉంటుంది. అది రెండో స్ప్రింగ్‌లా పనిచేసేలా అమర్చారు. కారును బాగా కిందికి దించితే అది చిన్న గతుక్కే ఆ దిమ్మ మీద కూర్చుంటుంది. యజమాని ‘షాక్‌లు గట్టిగా ఉన్నాయి’ అని వాటిని మార్చి, డబ్బు పోగొట్టుకుంటాడు. పాత కార్లలో ఈ నురుగు పొడిపొడిగా రాలిపోయి ఉండటమూ సాధారణమే. కొత్త షాక్‌లతోపాటు బంప్ స్టాప్‌లు, పై మౌంట్ల రబ్బరు, దుమ్ము తొడుగులు కూడా కొనండి.

ఇక రకాలు. రెండు గొట్టాల షాక్‌లో నూనె లోపలి గొట్టంలో పనిచేస్తుంది, బయటి గొట్టం దానికి నిల్వ. ధర తక్కువ, మెత్తగా ఉంటుంది, రోజువారీ ప్రయాణానికి చాలు. అయితే ఎడతెగకుండా వేగంగా నడిపితే నూనె వేడెక్కి నురగ కడుతుంది. ఒకే గొట్టం షాక్‌లో నూనెనూ, అధిక పీడనంలోని నత్రజనినీ ఒక తేలే పిస్టన్ వేరుచేస్తుంది. నురగ కట్టడం తక్కువ. నూనె ఉన్న గొట్టానికే గాలి తగులుతుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది. వాయు పీడనం వల్ల కారు కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, కంగారు పడకండి. బిల్‌స్టైన్ ఈ రకానికి పేరుపొందింది. కోనీ వారి సర్దుబాటు షాక్‌లలో స్ప్రింగ్ తిరిగి సాగేటప్పటి నిరోధాన్ని పెంచుకోవచ్చు. సర్దుబాటు మీట కనిపించగానే చివరిదాకా బిగించడం మానవ స్వభావం. మీరు మాత్రం మెత్తటి వైపు నుంచి మొదలుపెట్టి, కారు ఊగడం ఆగిన చోట ఆపండి. స్ప్రింగ్ మార్చని వారికి అసలు షాక్‌తో సమానమైన రకమే నా సలహా.

షాక్ నెమ్మదిగా అరుగుతుంది, నడిపేవారు దానికి అలవాటుపడతారు. అందుకే కారు మూలను చేత్తో నొక్కి చూసే పరీక్ష పూర్తిగా పోయిన షాక్‌నే పట్టిస్తుంది. టైరు అంచున గుంటలు గుంటలుగా అరగడం, కారుతున్న నూనె నమ్మదగిన గుర్తులు. పలుచని నూనె తడి మాత్రం లోపం కాదు. మార్చేటప్పుడు ఒక ఇరుసుకు రెండూ కలిపి మార్చండి. నొక్కి ఉన్న స్ప్రింగ్ ప్రాణాంతకం, సరైన కంప్రెసర్ లేకుండా పై నట్టు విప్పకండి. రబ్బరు బుష్‌ల బోల్టులను కారు చక్రాల మీద నిలిచిన ఎత్తులోనే చివరిసారి బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది. ఆపై వీల్ అలైన్‌మెంట్ చేయించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై లెక్కలో స్ప్రింగ్ గట్టిదనం మీటరుకు 30,000 న్యూటన్లు అయితే, 0.3 వంతు నిలుపుకోవడానికి షాక్ విలువ ఎంత ఉండాలి?
జవాబు: సుమారు 1,560.