పిల్లలు కంపెనీ పెడతామంటే...

బెంగుళూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల మాట అటుంచితే, మనలో చాలామంది పెద్దలు ఈ ఊరికి వచ్చింది ఉద్యోగం కోసమే. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో ఐ.టి.ఐ., 1953లో హెచ్.ఎం.టి., 1954లో బి.ఇ.ఎల్. వరుసగా వెలిశాయి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి ఎందరో వచ్చి చేరారు. కంపెనీ బస్సు, క్యాంటీను భోజనం, రిటైరయిన నాడు ప్రావిడెంట్ ఫండు, ఎక్కడో ఒక థర్టీ ఫార్టీ సైటులో సొంత ఇల్లు. ఆ తరానికి జీవితమంటే అదే, అందులో లోటేమీ లేదు.

ఇప్పుడు ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలు కొత్త మాట అంటున్నారు. "ఉద్యోగం మానేస్తాను, స్టార్టప్ పెడతాను" అని. వినగానే ఇంట్లో గుండెలు గుభేలుమంటాయి. "బోర్డు కూడా లేదు, అదేం కంపెనీ?" అని తండ్రి. "సంబంధాలవాళ్ళు అడిగితే ఏమని చెప్పను?" అని తల్లి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ కాలంలో ఉండి ఉంటే కంపెనీ పెట్టి చూడు అని కూడా కలిపేవారేమో!

నేను చదివింది బి.కాం. కంప్యూటరు లోగుట్టు నాకు తెలియదు. కాని బ్యాంకులో అప్పుల విభాగంలో చాలా ఏళ్ళు పని చేసినందువల్ల కోరమంగళ, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ కుర్రకారు ఎందరో నా బల్ల ముందు కూర్చున్నారు. వాళ్ళ ప్రపంచం గురించి, మన ఇళ్ళ క్షేమం గురించి నాకు తెలిసినంతలో నాలుగు మాటలు పాఠకులతో పంచుకుంటాను.

కారు షెడ్డులో మొదలు

ఇది నిన్న మొన్న వచ్చిన వేలంవెర్రి కాదు. 1978లో కిరణ్ మజుందార్ అనే పాతికేళ్ళ అమ్మాయి కోరమంగళలో ఒక అద్దె ఇంటి కారు షెడ్డులో పదివేల రూపాయలతో బయోకాన్ మొదలుపెట్టింది. మొదటి సరుకులు ఏమిటనుకున్నారు? బొప్పాయి నుంచి తీసే ఒక ఎంజైము, చేప నుంచి తీసే మరో పదార్థం. బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడాయి. వయసు చిన్నది, ఆడపిల్ల, తాకట్టుకు ఆస్తి లేదు, పైగా బయోటెక్నాలజీ అనే మాటే అప్పట్లో ఎవరూ వినలేదు. అదే కంపెనీ 2004లో షేరు బజారుకు వచ్చిన రోజున దాని విలువ వంద కోట్ల డాలర్లు దాటింది.

ఇన్ఫోసిస్ కథ అందరికీ తెలిసిందే. 1981లో పూణేలో ఏడుగురు కలిసి సుధామూర్తిగారు దాచుకున్న పదివేలతో మొదలుపెట్టి, 1983లో బెంగుళూరు వచ్చారు. ఆ ఏడుగురిలో ఒకరైన ఎన్.ఎస్. రాఘవన్ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివినవారు. ఇక్కడి ఐ.ఐ.ఎం.లో కొత్త వ్యాపారాలను పెంచి పోషించే ఎన్.ఎస్.ఆర్.సి.ఇ.ఎల్. కేంద్రం ఆయన పేరు మీదే నడుస్తోంది.

పండక్కి దొరకని టిక్కెట్టు

మనవాళ్ళు గర్వంగా చెప్పుకోదగిన కథ రెడ్‌బస్‌ది. పండగ ముందు ఆనందరావు సర్కిల్లోనో, మడివాళలోనో, కలాసిపాళ్యంలోనో ట్రావెల్స్ కొట్ల చుట్టూ తిరగని తెలుగువాడు ఈ ఊళ్ళో ఉంటాడా? 2005 దీపావళికి ఫణీంద్ర సామా అనే తెలంగాణ యువకుడికి హైదరాబాదు బస్సులో సీటు దొరకలేదు. అప్పుడాయన ఇక్కడ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజనీరు.

మరొకరైతే విసుక్కుని ఊరుకునేవారు. ఆయన మాత్రం ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో ఆరా తీశాడు. బస్సు యజమాని కొన్ని సీట్లు ఈ ఏజెంటుకు, కొన్ని ఆ ఏజెంటుకు పంచుతాడు. అంతా ఫోను మీదే. ఒకరి దగ్గర సీటు మిగిలిందని ఇంకొకరికి తెలియదు. ఇక్కడ ప్రయాణికుడు టిక్కెట్టు లేదని ఉసూరుమంటూ ఇంటికి పోతాడు, అక్కడ బస్సు ఖాళీ సీట్లతో కదిలిపోతుంది.

బిట్స్ పిలానీలో తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ఆయన దీనికో సాఫ్ట్‌వేరు తయారుచేశాడు. ఇస్తామంటే మొదట్లో బస్సులవాళ్ళు పుచ్చుకోలేదు. సరే, మనమే టిక్కెట్లు అమ్ముదాం అని 2006లో దుకాణం తెరిచారు. పెట్టుబడి సొంతంగా కూడబెట్టుకున్న అయిదు లక్షలు. టై సంస్థ బెంగుళూరు శాఖలో అనుభవజ్ఞులు దారి చూపారు. 2007లో సీడ్‌ఫండ్ వాళ్ళు డబ్బు పెట్టారు. 2013లో ఐబిబో సంస్థ కంపెనీని కొనుక్కుంది. తర్వాత 2018లో తెలంగాణ ప్రభుత్వం ఫణీంద్రగారిని ఇటువంటి కొత్త ప్రయత్నాలను ప్రోత్సహించే ముఖ్య అధికారిగా నియమించింది.

విజయవాడకు చెందిన శ్రీహర్ష మాజేటి 2013లో నందన్ రెడ్డితో కలిసి సరుకు రవాణాకు సంబంధించిన ఒక కంపెనీ పెట్టి మూసేశారు. ఆ అనుభవంతో, రాహుల్ జైమినిని కూడా కలుపుకుని, 2014లో కోరమంగళలో మొదలుపెట్టిందే స్విగ్గీ. 2024 నవంబరులో అది షేరు బజారుకు ఎక్కింది. మొదటి కంపెనీ పోయిందని ఎవరూ వాళ్ళను వెలివేయలేదన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

రెండో శనివారం సభలు

ఇంత ధైర్యం ఈ పిల్లలకు ఎక్కడిది? ఒంటరిగా లేరు కాబట్టి. 1998లో బెంగుళూరు ఐ.టి. డాట్ కామ్‌గా మొదలైన ప్రభుత్వ ఉత్సవం ఇప్పుడు టెక్ సమ్మిట్ పేరుతో ఏటా జరుగుతోంది. అది పెద్దల పండగ. అసలు పని జరిగేది చిన్న చిన్న సభల్లో. 2006లో ఇక్కడ బార్‌క్యాంపులు మొదలయ్యాయి. తర్వాత హెడ్‌స్టార్ట్ వాళ్ళ స్టార్టప్ శనివారాలు వచ్చాయి. నెలలో రెండో శనివారం అందరూ ఒకచోట చేరడం ఆనవాయితీ అయింది.

2015 సెప్టెంబరు నుంచి మా బ్యాంకులకూ రెండో శనివారం సెలవు. ఆ పుణ్యాన నేనూ ఇలాంటి సభలకు కొన్నిటికి వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. ఒక కుర్రాడు లేచి తను తయారుచేసింది అయిదు నిమిషాల్లో చెబుతాడు. వెంటనే ప్రశ్నలు. దీనికి డబ్బు ఎవరిస్తారు? ఒకసారి కొన్నవాడు మళ్ళీ వచ్చాడా? నీ చేతిలో ఎన్ని నెలల జీతాలున్నాయి? మా బ్యాంకులో అడిగే ప్రశ్నలే, కాని ఇక్కడ అడిగేది తోటివాళ్ళు. కన్నడం, ఇంగ్లీషు, హిందీ, తెలుగు కలగలిసిపోతాయి. పెళ్ళిళ్ళలో సంబంధాలు కుదిరినట్టు కాఫీ దగ్గర ఒకరికి ఆడిటరు, ఇంకొకరికి ఉద్యోగి, మరొకరికి భాగస్వామి దొరుకుతారు.

నన్ను ఆశ్చర్యపరచింది ఇంకొకటి. కంపెనీ మూసేసినవాడు కూడా వేదికెక్కి, ఎక్కడ దెబ్బ తిన్నాడో అంకెలతో సహా చెబుతాడు. మన వ్యాపార కుటుంబాల్లో నష్టం వస్తే నాలుగు గోడలు దాటనివ్వం. ఇక్కడ ఒకరి నష్టం పదిమందికి పాఠం. ఈ ఊళ్ళో స్టార్టప్‌లకున్న అసలు ఆస్తి ఇదే అనిపించింది నాకు.

రెండు సంచుల లెక్క

"ఇంత గొప్పవాళ్ళయితే మీ బ్యాంకు ఎందుకు అప్పివ్వదు?" అని సంఘంలో నన్ను అడుగుతుంటారు. చిన్న లెక్క చెబుతాను.

బ్యాంకు పదిమందికి తలా పది లక్షలు, 11 శాతం వడ్డీకి ఇచ్చిందనుకోండి. మొత్తం కోటి. అందులో ఒక్కడు మునిగాడు. మిగతా తొమ్మిదిమంది నుంచి ఏడాదికి వచ్చే వడ్డీ 9 లక్షల 90 వేలు. ఆ కోటి మాది కాదు, మీరు డిపాజిట్ చేసింది. దాని మీద 7 శాతం చొప్పున మీకు 7 లక్షలు ఇవ్వాలి. మిగిలింది 2 లక్షల 90 వేలు. పోయింది పది లక్షల అసలు. పదిలో ఒక్కడు పోతేనే మాకు 7 లక్షల 10 వేలు లోటు!

పెట్టుబడిదారు కూడా పదిమందికి తలా పది లక్షలు ఇస్తాడు. అయితే అప్పుగా కాదు, వాటాగా. ఎనిమిది కంపెనీలు మునిగాయి. ఒకటి అసలు తిరిగిచ్చింది. పదోది ముప్పై రెట్లు పెరిగింది. చేతికొచ్చింది 3 కోట్ల 10 లక్షలు. పదిలో ఎనిమిది పోయినా ఆయన నవ్వుతూనే ఉంటాడు.

అందుకే ఈ రెండు సంచులూ వేరు. వాటా డబ్బు పోవడానికి సిద్ధపడి వచ్చిన డబ్బు. అప్పు డబ్బు తిరిగి రావలసిన డబ్బు. కంపెనీకి రాబడి ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి వాయిదా అడుగుతుంది. ఇంటి మీద తెచ్చిన డబ్బును మొదటి సంచిలో వేస్తేనే ప్రమాదం.

ఇంటి కాగితాలతో వచ్చిన దంపతులు

కొన్నేళ్ళ క్రితం మన సంఘంలోని ఒక పెద్దాయన భార్యతో, కూతురితో మా బ్రాంచికి వచ్చారు. ఆయన ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు. పెన్షను నెలకు మూడువేల లోపు. అమ్మాయి చిన్న చిన్న రక్తపరీక్షల ల్యాబులకు పనికొచ్చే సాఫ్ట్‌వేరు కంపెనీ పెట్టింది. ఇల్లు తాకట్టు పెట్టి అరవై లక్షలు తీసుకోవాలని ఆయన పట్టుదల.

"అన్నయ్యగారూ, పెళ్ళికి ఎలాగూ ఖర్చు పెట్టేవాళ్ళమే కదా, ఇప్పుడే పెడితే తప్పేమిటి?" అన్నారావిడ.

"నాకు ఇల్లు వద్దు అంకుల్, నాన్నే వినడం లేదు" అంది అమ్మాయి.

"కాగితాలు శుభ్రంగా ఉన్నాయి, అప్పు ఇవ్వగలను" అన్నాను. "కాని నేను ఇచ్చేది ఇల్లు చూసి, కంపెనీని చూసి కాదు. 10 శాతం వడ్డీకి పదిహేనేళ్ళంటే నెలకు సుమారు 64,500 వాయిదా. అమ్మాయి కంపెనీ మొదటి ఏడాది అంత లాభం తెస్తుందా? తేకపోతే మీ పెన్షనులోంచి కడతారా?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి కాగితాలు సంచిలో పెట్టుకుని లేచారు. నా మీద కోపం వచ్చిందనే అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇంట్లో వేరే ఏర్పాటు చేసుకున్నారట. రెండేళ్ళ పాటు అమ్మాయి ఇంటికి పైసా ఇవ్వనక్కర్లేదు. మేడ మీద గది ఆఫీసు. ఆమెకూ ఇద్దరు స్నేహితులకూ భోజనం కిందనే. డబ్బు మాత్రం ముగ్గురూ దాచుకున్న తొమ్మిది లక్షలే.

22 ల్యాబులు చేరాయి. సగం మంది డబ్బు కట్టలేదు. రెండేళ్ళకు కంపెనీ మూతపడింది. అమ్మాయి ఇద్దరు పనివాళ్ళ జీతాలు, జి.ఎస్.టి. బాకీలు తీర్చి మరీ మూసింది. ఆ అనుభవం చూసి ఒక పెద్ద సంస్థ పిలిచి ఉద్యోగం ఇచ్చింది. ఇప్పుడు మళ్ళీ ఏదో ఆలోచన చేస్తోందట. తండ్రిగారు నిశ్చింతగా నిద్రపోతున్నారు. ఇంటి కాగితాలు బీరువాలోనే ఉన్నాయి కదా!

అందరికీ ఇంత సులువుగా తేలదు. 1999లో బెంగుళూరులో ఫ్యాబ్‌మార్ట్ పెట్టినవారిలో కొందరు 2011లో బిగ్‌బాస్కెట్ మొదలుపెట్టి పైకొచ్చారు. అదే జట్టులోని కె. వైదీశ్వరన్ గారు నడిపిన ఇండియాప్లాజా 2013లో మూతపడింది. అప్పులవాళ్ళ ఒత్తిడి ఎలా ఉంటుందో ఆయన 2017లో పుస్తకంగా రాశారు. కంపెనీ పెట్టాలనుకునేవాళ్ళే కాదు, వాళ్ళ తల్లిదండ్రులూ చదవదగినది.

ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు

వద్దని కొట్టిపారేయకండి, తల ఊపి సంతకమూ పెట్టకండి. కూర్చోబెట్టి అడగండి.

ఇంతవరకు డబ్బిచ్చి కొన్నవాళ్ళు ఎందరు? చుట్టాలను లెక్కలోకి తీసుకోకూడదు. జీతం లేకుండా ఎన్నాళ్ళు గడపగలవు, ఏ తేదీ దాకా చూస్తావు? భాగస్వాములతో వాటాల ఒప్పందం రాతపూర్వకంగా ఉందా? స్నేహం స్నేహమే, కాగితం కాగితమే.

అన్నిటికన్నా ముఖ్యం: సొంత హామీ మీద ఎవరైనా సంతకం పెట్టారా? ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అయితే నష్టం కంపెనీతో ఆగుతుంది. కాని డైరెక్టరో, తండ్రో సొంత హామీ ఇస్తే ఆ అడ్డుగోడను మనమే పడగొట్టినట్టు. అప్పులవాళ్ళు నేరుగా ఇంటి గుమ్మంలోకి వస్తారు.

ఇల్లు ముట్టుకోకుండా దొరికే సహాయాలూ ఉన్నాయి. 2016లో స్టార్టప్ ఇండియా పథకం వచ్చింది. 2025 జనవరి నాటికి గుర్తింపు పొందినవి 1 లక్షా 59 వేలు దాటాయి. 2021లో వచ్చిన సీడ్ ఫండ్ పథకంలో నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు. కర్ణాటక ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ఎలివేట్‌లో 50 లక్షల దాకా గ్రాంటు ఉంది. నిలకడగా రాబడి వస్తున్న కంపెనీలకు తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు దొరికేలా 2022లో కేంద్రం పూచీకత్తు పథకం పెట్టింది. దాని పరిమితిని 2025లో 20 కోట్లకు పెంచారు. పోటీ ఉంటుంది, అందరికీ దక్కవు. అయినా ఇంటి కాగితాలు తీసేముందు ఈ తలుపులు తట్టి చూడాలి.

చివరిగా మన సంఘానికి ఒక మనవి. మనలో రిటైరయిన ఆడిటర్లున్నారు, వకీళ్ళున్నారు, ఫ్యాక్టరీల్లో కొనుగోళ్ళు చూసినవారున్నారు. మూడు నెలలకోసారి ఒక ఆదివారం పిల్లలతో కూర్చుని వాళ్ళ లెక్కలు, ఒప్పందాలు చూసిపెడితే ఎంత మేలు! ఉగాది పచ్చడి, సంక్రాంతి ముగ్గుల పోటీలతో పాటు ఇదీ ఒక కార్యక్రమం కావాలి. ఆస్తుల కాగితాలకన్నా మన అనుభవమే వాళ్ళకు ఎక్కువ పనికొస్తుంది. మొదటి ఆదివారానికి నేను సిద్ధం.