కేన్సరు రోగికి అన్నం సహించనప్పుడు



నందిగామలో ఒక సహోదరుణ్ణి పరామర్శించడానికి వెళ్లాను. విజయవాడలో కీమోథెరపీ చేయించుకుని వచ్చి వారమైంది. భార్య పప్పన్నం కలిపి, "నాకోసమైనా తినండి" అని బ్రతిమాలుతోంది. నేనూ ఊరుకోక, "విశ్వాసంతో తినండి బ్రదర్" అన్నాను. మా మాట కాదనలేక నాలుగు ముద్దలు మింగి, వెంటనే కక్కేశారు. ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

ప్రియులారా, ఆయనది మొండితనం కాదు, అవిశ్వాసం అసలే కాదు. ఈ జబ్బులో శరీరంలో పుట్టే కొన్ని రసాయనాలు ఆకలినే అణచివేస్తాయి. కీమో మందులు నాలుక రుచిని మార్చేస్తాయి. కూర ఇనుములా అనిపిస్తుంది. నోటిపూత, వికారం, మలబద్ధకం, నొప్పి తోడవుతాయి. వీటిలో చాలావాటికి మందులున్నాయి, డాక్టరుగారికి తప్పక చెప్పండి.

మొదటి రాజులు 19వ అధ్యాయంలో, చావు కోరుకుని చెట్టు క్రింద పడుకున్న ఏలీయాను దూత మందలించలేదు. రొట్టె, నీళ్లు తలదగ్గర ఉంచాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. తరువాత మళ్లీ వచ్చాడు.

మీరూ కంచం నిండా వడ్డించకండి, చూడగానే భయమేస్తుంది. చిన్న గిన్నెలో, రెండు గంటలకొకసారి పెట్టండి. చాలామందికి ఉదయంపూట కాస్త సహిస్తుంది. గుడ్డు, ఇడ్లీ అప్పుడే ఇవ్వండి. పెరుగన్నం, పాలు కలిపిన రాగిజావ చల్లారాక ఇస్తే వాసన తక్కువ. మన ఎండుమిరప తాలింపు పక్కవీధికి కూడా తెలుస్తుంది కదా! ఆ సమయంలో రోగిని వరండాలో కూర్చోబెట్టండి. స్టీలు చెంచా రుచి గిట్టకపోతే ప్లాస్టిక్‌ది వాడండి. తినేముందు, చిటికెడు ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో నోరు పుక్కిలించమనండి. అది వేడి, ఇది వాతం అంటూ ఉన్న నాలుగు ముద్దలకూ పత్యం పెట్టే బంధువుల మాట వినకండి. సంఘం ఉపవాసముండి ప్రార్థించవచ్చు; రోగిని మాత్రం ఉపవాసముంచవద్దు.

రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటినా తెల్లవారేదాకా ఆగకండి, ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. జబ్బు బాగా ముదిరిన చివరి దినాల్లో శరీరం ఆహారాన్ని అడగదు. తిననందుకు చనిపోతున్నారని కాదు, జబ్బువల్లే తినలేకపోతున్నారు. అప్పుడు బలవంతంగా నోట్లో పోస్తే పొలమారుతుంది. తడిగుడ్డతో పెదవులు తడపండి, చెయ్యి పట్టుకుని కూర్చోండి. సరిగా పెట్టలేకపోయామని ఏ భార్యా, ఏ కొడుకూ తమను తాము నిందించుకోవద్దు.

తరువాత మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. మంచం పక్కన స్టూలుమీద చిన్న గిన్నెలో పెరుగన్నం ఉంది. ఆయన మూడు చెంచాలు తిని గిన్నె జరిపారు. ఆమె ఏమీ అనలేదు, మూతపెట్టి ఆయన పక్కనే కూర్చుంది.