యాప్‌ల చౌర్యం - బాధ్యత ఎవరిది?

చెక్ దేశానికి చెందిన మ్యాడ్‌ఫింగర్ గేమ్స్ సంస్థ 2012లో ‘డెడ్ ట్రిగ్గర్’ అనే ఆటను మొబైల్ ఫోన్ల కోసం విడుదల చేసింది. దాని వెల ఒక డాలరు లోపే. ఆ స్వల్ప మూల్యమైనా చెల్లించక దొంగ ప్రతులను వాడేవారు ఆండ్రాయిడ్ ఫోన్లలో మితిమీరడంతో, కొద్ది వారాలలోనే ఆ ఆటను ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. అధిక ధరలే చౌర్యానికి కారణమనే వాదం ఇక్కడ నిలవదు.

యాప్ అంటే మూటగట్టిన ప్రోగ్రాం. తస్కరుడు ఆ మూటను విప్పి, వెల చెల్లించినదీ లేనిదీ పరీక్షించే భాగాన్ని తొలగించి, తిరిగి కట్టి వేరొక వెబ్‌సైట్‌లో ఉంచుతాడు. ప్రతి ఆండ్రాయిడ్ యాప్‌కూ నిర్మాత చేసిన డిజిటల్ సంతకం ఉంటుంది. మార్పు జరిగిన యాప్‌పై అది చెల్లదు కనుక తస్కరుడు తన సంతకం పెడతాడు. పేరు ఒకరిది, సంతకం మరొకరిది! ప్రాచీన కావ్యాలలో కవి పేరు చాటున ఇతరులు చొప్పించిన పద్యాలను ప్రక్షిప్తాలంటారు. వాటివల్ల చెడేది కావ్యం మాత్రమే. యాప్‌లోని ప్రక్షిప్తం ఫోనులోని సందేశాలనూ, బ్యాంకు వివరాలనూ అపహరించగలదు.

ఇక నిర్మాత చేయగలిగినదేమిటి? ప్రోగ్రాంలోని పేర్లను దుర్బోధంగా మార్చవచ్చు. యాప్ తన సంతకాన్ని తానే సరిచూసుకొనే ఏర్పాటు చేయవచ్చు. ఇవి దొంగను ఆలస్యం చేస్తాయి, అంతే. కీలకమైన పనిని తన సర్వర్‌లోనే నిలుపుకోవడం వీటికంటే దృఢమైన రక్షణ. యాప్ స్టోర్ల వారు ఫిర్యాదు అందగానే దొంగ ప్రతిని తొలగించాలి.

మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం, తరువాతి సవరణల మేరకు, కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య కృతిగానే పరిగణిస్తుంది. సాహిత్య విద్యార్థులకు ఇది వింతగా తోచవచ్చు. సమాచారాన్ని సంస్కరించగల ఏ పరికరమైనా ఆ చట్టం దృష్టిలో కంప్యూటరే, ఫోనూ అంతే. తాళాన్ని ఛేదించినవారికి 2012 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, జరిమానా. పంచినవారూ దోషులే. అమెరికాలో పది లక్షలకు పైగా దొంగ ప్రతులు పంచిన యాప్‌బకెట్ బృందంలోని వారు 2014లో నేరం అంగీకరించారు.

వాడుకరి నిర్దోషి అనుకోవడం పొరపాటు. దొంగ ప్రతి అని తెలిసి వాడితే 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభాపేక్ష లేనిచోట న్యాయస్థానం జైలు శిక్షను మినహాయించవచ్చు. ‘తెలిసి’ అన్న పదమే ఇక్కడ ప్రాణం. కొన్న ప్రతి పాడైతే అక్కరకు వచ్చేందుకు ఒక నకలు దాచుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. ఆ నకలునే మిత్రుడి ఫోనుకు పంపితే ఆ అనుమతి వర్తించదు.